కూర్మమ్మకు తోడుగా వచ్చినవాడు

గణపతిరావుకి ఫైర్‌మేన్ ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. బొబ్బిలికి దగ్గర్లో, వేగావతి ఒడ్డున ఉన్న పల్లె అది. ఏరు పొంగి అవతలి గట్టున గేదెలు చిక్కుకుపోతే జనం ముందుగా కేకేసేది అతన్నే. వరీ చోళ్లూ పండించుకునే ఇంట్లో పుట్టినవాడే అయినా, మడిలో ఉన్నంతసేపూ అతని మనసు ఏటి మీదే ఉండేది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషేం కాదు. కాని వాడికి భయమన్నది లేదని ఊరంతా అనేది. పదిమందీ అనగా అనగా అతనూ అదే నమ్మాడు.

ఉద్యోగం శ్రీకాకుళం జిల్లాలో, హైవే పక్కనున్న ఒక ఊళ్లో. మేనమామ కూతురు రేఖని చేసుకున్నాడు. ఒక పాప పుట్టింది. స్టేషన్‌కి రెండు వీధుల అవతల అద్దెయింట్లో కాపురం. అక్కడ బెల్లు మోగితే ఇక్కడ వంటింట్లోకి వినబడేది. ఎండాకాలం పూరిళ్లూ గడ్డివాములూ అంటుకోవడం, వానాకాలం కాలవలూ బావులూ, ఏడాది పొడుగునా హైవే మీద లారీలు గుద్దుకోవడం. చూడకూడనివి చాలానే చూశాడు. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తినేవాడు. ‘‘ఎలగ తినగలవు బావా?’’ అని రేఖ తమ్ముడు అడిగితే నవ్వేసి ఊరుకునేవాడు.

2015 వానాకాలంలో ఒక ఉదయం, చేపలమ్మే ఆడవాళ్లతో, బడిపిల్లలతో కిక్కిరిసి వెళ్తున్న పెద్ద ఆటో టైరు పేలి కాలవలో బోల్తా పడింది. బతికున్నవాళ్లని చుట్టుపక్కల పొలాల్లోని రైతులు అప్పటికప్పుడే దూకి లాగేశారు. ఫైరు బండి వెళ్లేసరికి నీళ్లలో మిగిలినవి శవాలే.

గణపతిరావు నడుముకి తాడు కట్టుకుని దిగాడు. ఎర్రటి బురదనీరు, కంటికి ఏమీ ఆనదు. కాళ్లతో, చేతులతో తడుముకుంటూ వెతకాలి. దొరికినవాళ్లని పైకెత్తి, గట్టు మీద వంగి ఉన్న ధర్మేంద్రకి అందించాలి. ధర్మేంద్ర అతనితోపాటే ఉద్యోగంలో చేరినవాడు. ఇద్దరిదీ ఒకే బండి, ఒకే డ్యూటీ. ముందు ఒక నడివయసు ఆడమనిషి దొరికింది. తర్వాత ఇంకొందరు. ఆఖరున ఒక పిల్ల దొరికింది. తన పాప ఈడుదే. మంచం మీద నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుంటే తల వచ్చి భుజం మీద ఎలా వాలుతుందో, సరిగ్గా అలాగే వాలింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాడు, అన్నం తిన్నాడు. పాప టీవీ ముందు చాప మీదే నిద్రపోయింది.

‘‘బావా, దాన్ని ఎత్తి మంచం మీదెయ్యి’’ అంది రేఖ వంటింట్లోంచి.

వంగాడు. చేతులు చాచాడు. అవి పాపని ముట్టుకోలేదు.

‘‘నడుం పట్టేసినాది’’ అన్నాడు.

అది మొదటి అబద్ధం. తర్వాత అవి అలవాటైపోయాయి. పాప మెలకువగా ఉన్నంతసేపూ ఆడించేవాడు. దాని కళ్లు మూతలు పడుతుంటే లేచి వీధిలోకి వెళ్లిపోయేవాడు. బస్సులో పాప ఒళ్లో నిద్రపోతే చటుక్కున రేఖ ఒళ్లోకి మార్చేసేవాడు. రేఖ గమనిస్తూనే ఉంది. ఒకరోజు అడిగేసింది.

‘‘ఆడపిల్లనేటి బావా? కొడుకైతే ఇలగే ఎడంగా ఉందువా?’’

అతను కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి. ఆడపిల్లంటే గిట్టని తండ్రి అని పెళ్లాం అనుకున్నా ఫరవాలేదు గాని, భయపడుతున్నాడని తెలియకూడదు. ఆ పూట అతనికి అదే మేలనిపించింది.

తనకేం జరిగింది గనుక? అతను మునిగిపోలేదు. తనవాళ్లెవరూ పోలేదు. ఆ పిల్ల పేరైనా తెలియదు. ఏడవాల్సినవాళ్లు గట్టు మీద నేలకి కొట్టుకుంటూ ఏడ్చారు. వాళ్లకి హక్కుంది. తనకేం హక్కు? ఆ మరుసటి జనవరిలో శ్రీకాకుళంలో జెండా పండగనాడు అతనికి మెచ్చుకోలు పత్రం ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ, దొంగసొత్తు చేతిలో పెట్టుకు నిలబడ్డవాడిలా తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు అందరూ. పేపర్లో అతని ఫోటో కూడా పడింది.

ఆ ఎండాకాలంలోనే అతని పరువు పోయింది. ఒక రైతు పొలంలో నేలబావిలో దూడ పడింది. మనిషి కూడా కాదు, దూడ. అడుగున నడుంలోతు నీళ్లున్నాయేమో, అంతే. నిచ్చెన దింపారు. గణపతిరావు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. కిందనున్న నీళ్లు చూశాడు. రెండో కాలు రాలేదు. మోకాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. నిచ్చెన పట్టుకుని బావి అంచున అలాగే ఉండిపోయాడు. చుట్టూ జనం. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

‘‘పేపర్లో పడ్డాయనే కదా?’’ అన్నారెవరో. ఇంకెవరో నవ్వారు.

ధర్మేంద్ర వచ్చి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పక్కకి జరిపాడు. తనే దిగి దూడకి తాడు కట్టాడు.

స్టేషన్ ఆఫీసర్ నారాయణమూర్తి మందలించలేదు. ‘‘మోకాళ్ల నొప్పన్నావు కదా, డాక్టరుకి చూపించుకో’’ అని ఊరుకున్నాడు. అప్పటికి గణపతిరావు మోకాళ్ల నొప్పని ఎవరితోనూ అనలేదు. అంత పెద్దమనిషి తన కోసం అబద్ధం వెతికిపెట్టాడే అని అతని ముఖం కాలిపోయింది. మర్నాడు బండి కడుగుతుంటే అవతలివైపు నుంచి ధర్మేంద్ర గొంతు వినిపించింది.

‘‘దూడకే దిగనేదు. రేపు మనిసి పడితే ఏటి సేత్తాడు?’’

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే భయపడి అన్నాడు. వెటకారమైతే గణపతిరావు సహించేవాడు.

ఇంట్లో మోకాళ్లకని చెప్పి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బయలుదేరాడు. మోకాళ్ల డాక్టరు గది దాటి, మెట్ల పక్కన మానసిక వైద్యం అని బోర్డున్న వరండాలో బెంచీ చివర కూర్చున్నాడు. తువ్వాలు ముఖానికి అడ్డంగా వేసుకున్నాడు. బొబ్బిలి వైపువాళ్లెవరైనా చూస్తారేమోనని మెట్ల వైపే చూస్తున్నాడు. లేచి వెళ్లిపోదామనుకునేలోపు పక్కన ఒకావిడ వచ్చి చతికిలబడింది. యాభై ఏళ్లుంటాయి. నల్లగా, గట్టిగా ఉంది. చీర కుచ్చిళ్లలో చేపల వాసన.

‘‘నీకేటి బాబూ?’’ అంది. జవాబు కోసం ఆగకుండా తన సంగతి మొదలుపెట్టింది. ‘‘నాకు ఆటో భయం. మాది భావనపాడు పక్కన. కాలవలో ఆటో పడిపోనాది కదా, అందులో నానున్నాను. నా తోటికోడలు గున్నమ్మ నా సెయ్యి పట్టుకునే ఉన్నాది. నాను ఒగ్గేసినానో, అదే ఒగ్గేసినాదో, అదే నాకు తెలవదు. పైకి నన్నే తీసినారు. ఆటో సప్పుడు ఇంటే సాలు, ముక్కులోకి నీల్లెక్కిపోతాయి. ఎక్కడికైనా నడిసే ఎల్తన్నాను. ఈరోజు మావోడు భాస్కర్ మోటారు సైకిలు మీద దింపేసి, బోటింజను సామాన్లకి ఎల్లినాడు.’’

అంత గట్టిగా, అంత మంది మధ్యలో చెప్పింది. పక్కవాళ్లు అయ్యో అన్నారు. ఒకావిడ కళ్లొత్తుకుంది. గణపతిరావు తువ్వాలు ఇంకాస్త లాక్కున్నాడు. ఆవిడ వంగి తువ్వాలు కిందనుంచి అతని ముఖంలోకి చూసింది.

‘‘నువ్వే కదా బాబూ, మా గున్నమ్మని పైకి అందించినావు? నన్ను గట్టు మీద పడుకోబెట్టినారు, అక్కడినుంచే సూసినాను నిన్ను.’’

అతను నోరు తెరిచేలోపు తలుపు దగ్గర నర్సు పిలిచింది. ‘‘కూర్మమ్మ ఎవరు? కూడా ఎవరైనా వచ్చారా? బాబూ, మీరెవరు? మీరూ చూపించుకోడానికేనా?’’

వరండాలో ఉన్నవాళ్లందరూ అతనికేసి తిరిగినట్టనిపించింది.

‘‘కాదండి’’ అన్నాడు. ‘‘ఈవిడతో వచ్చాను. మా అప్ప.’’

కూర్మమ్మ ఒక్క క్షణం అతన్ని చూసింది. తర్వాత లేచి అతని భుజం పట్టుకుంది. ‘‘ఔనమ్మ. మా తమ్ముడే. పద తమ్ముడా.’’

అలా లోపలికి వెళ్లాడు.

డాక్టరమ్మ కూర్మమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. ఆ జబ్బుకి ఇంగ్లీషులో ఒక పేరు చెప్పింది. కూర్మమ్మకి నోరు తిరగక దానికి కాలవజబ్బని తనే పేరు పెట్టుకుంది. ‘‘ఆ రోజు అయిపోయిందమ్మా. మీ ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. మనం మెల్లగా దానికి తెలియజెయ్యాలి. ఆ ఆటో వేరు, రోడ్డు మీద తిరిగే ఆటోలు వేరు. నమ్మకమైన మనిషిని పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా ఎక్కండి’’ అంది. గణపతిరావు వైపు తిరిగి, ‘‘మీరుంటారు కదా పక్కన?’’ అని అడిగింది.

ఉంటానన్నాడు. గత్యంతరం లేదు.

ఆసుపత్రి బయట ఆటో ఎక్కించేటప్పుడు కూర్మమ్మ అతని చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. బండి కదలగానే ‘‘ఆపు, ఆపు’’ అని అరిచింది. ‘‘ఏటమ్మా, ఎక్కుతావా ఎక్కవా?’’ అని ఆటోవాడు విసుక్కున్నాడు. ‘‘మెల్లగా పోనీ బాబూ’’ అన్నాడు గణపతిరావు. ‘‘అప్పా, నీ తట్టలో ఏవేం చేపలుంటాయో నాకు చెప్పు.’’

‘‘నెత్తల్లు’’ అంది కళ్లు మూసుకుని. ‘‘కవల్లు. కానాగడతలు. సందువాలు...’’

ఏడురోడ్ల కూడలి వచ్చేసరికి ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయింది. కాని దిగి నవ్వింది. గణపతిరావుకి కూడా సంతోషం కలిగింది. ఎవరికైనా ఆసరాగా నిలబడడం అతనికి వచ్చిన పని. అది ఇంకా పోలేదన్నమాట.

అప్పటినుంచి కూర్మమ్మని రమ్మన్నప్పుడల్లా అతనూ వెళ్లాడు. ఆ మనిషికి తమ్ముడిగా వెళ్లి, ఆవిడకి చెప్పిన మాటలన్నీ తన కోసం దాచుకున్నాడు. దొంగచాటుగా తెచ్చుకున్న మందులా వాడి చూశాడు. ఆ రోజు అయిపోయింది, ఆ రోజు అయిపోయింది అని లోపల అనుకుంటూ డ్యూటీకి వెళ్లేవాడు. అంతలో బెల్లు మోగేది. హైవే మీద వ్యాను పల్టీ కొట్టింది, గబగబా ఎక్కండి అనేవారు. ఏ రోజైతే అయిపోయిందని అనుకున్నాడో అదే రోజు మళ్లీ ఎదురొచ్చి నిలబడేది.

కూర్మమ్మకి మాత్రం నయమవుతోంది. వాళ్ల పేటలో అందరికీ ఆవిడ భయం తెలుసు. పడవల మీద వలలు బాగుచేసుకునే మగవాళ్లకి కూడా తెలుసు. చేపలు కొనే ఇల్లాళ్లు తట్ట దింపించి, కూర్చోబెట్టి, గున్నమ్మ కథ మళ్లీ చెప్పించుకుని తామూ ఏడ్చేవారు. చెప్పిన కొద్దీ ఆవిడ తేలికపడేది. గణపతిరావుని ఎవరూ అడగలేదు. టీకొట్టు దగ్గర ఎప్పుడైనా ఆ ప్రమాదం ఊసొస్తే, ‘‘మీకు అలవాటే కదండీ’’ అనేవారు. అతను ఔననేవాడు.

‘‘మీరేం చేస్తుంటారు?’’ అని డాక్టరమ్మ ఒకసారి అడిగింది.

‘‘వ్యవసాయమండి.’’

కూర్మమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది. బయటికొచ్చాక కూడా ఆ మాట ఎత్తలేదు. ఆవిడ ఎత్తకపోవడమే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

2017 వేసవిలో డాక్టరమ్మ, ‘‘ఇంక మీరు రానక్కర్లేదమ్మా’’ అంది. కూర్మమ్మ ఆ రోజు ఊరి నుంచి ఒక్కర్తీ ఆటోలోనే వచ్చింది. దండం పెట్టి లేచింది. గణపతిరావు లేవలేదు. లేవాలనే అనుకున్నాడు. ఈ గదిలోకి రావడానికి ఇక ఏ వంకా లేదన్న సంగతి అప్పుడే అతనికి తట్టింది.

‘‘ఇంకేమైనా అడగాలా?’’ అంది డాక్టరమ్మ.

కూర్మమ్మ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ‘‘నాను బైట కూకుంటాను తమ్ముడా. ఎంతసేపైనా పరవానేదు’’ అని తలుపు దగ్గరగా వేసింది.

గణపతిరావు కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

‘‘నేను వ్యవసాయం కాదండి. ఫైర్‌మేన్‌ని. ఆవిడ తమ్ముణ్ణీ కాదు’’ అన్నాడు చివరికి. వెంటనే సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ‘‘నాకేం కాలేదండి. నేను ఆ ఆటోలో లేను. మావాళ్లెవరూ పోలేదు. ఆ పని చెయ్యడానికే నాకు జీతమిస్తారు. మిగతావాళ్లందరూ బాగానే చేస్తున్నారు. నేనొక్కణ్ణే... నా కూతురు నిద్రపోతే ఎత్తుకోలేనండి.’’

ఆ ఆఖరి మాట అన్నాక ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ అతని ముందుకి నీళ్ల గ్లాసు జరిపింది. కాసేపాగి, ‘‘ఆ కాలవ కాకుండా ఇంకా ఏవైనా గుర్తొస్తాయా?’’ అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాడు. లారీ క్యాబిన్‌లో ఇరుక్కుని మంచినీళ్లడిగిన డ్రైవరు. కాలిన పూరింట్లో మంచం కింద దొరికిన ముసలాయన. వాళ్లని మర్చిపోయాననే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఒకరి వెనక ఒకరు వచ్చి వరసలో నిలబడ్డారు.

‘‘కూర్మమ్మకి ఒక రోజు’’ అంది డాక్టరమ్మ. ‘‘మీకు అలాంటివి పదేళ్లుగా పోగుపడ్డాయి. ఆవిడకి చావు తన మీదికొచ్చింది, మీరు ఇతరుల చావుని చేతులతో ఎత్తారు. ఆవిడతో అయిపోయిందని చెప్పగలిగాను. మీతో అలా చెబితే అబద్ధమవుతుంది. రేపు మళ్లీ బెల్లు మోగుతుంది కదా. అందుకే నేను ఆవిడకి చెప్పినవి మీకు పనిచెయ్యలేదు.’’

‘‘మీకు తెలుసా, నేను...’’

‘‘ఆవిడకన్నా మీరే శ్రద్ధగా వినేవారు’’ అందావిడ.

భయం ఒక్కటే అయితే తొందరగా లొంగుతుందనీ, దాని మీద సిగ్గు కప్పి కూర్చుంటే లోపలే ముదురుతుందనీ చెప్పింది. మందులు రాసింది. వచ్చేసారి భార్యని తీసుకురమ్మంది. అన్నిట్లోకీ కష్టమైన మందు అదే.

ఆదివారం పెరట్లో రేఖ చేపలు తోముతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చెప్పాడు. కాలవా, పిల్లా, బావీ, ఆసుపత్రీ, కూర్మమ్మా అన్నీ చెప్పాడు. రేఖ చేతులు ఆగిపోయాయి. ఓదారుస్తుందేమో అనుకున్నాడు.

‘‘ముక్కూ మొగం తెలవని ఆవిడికి తెలుసు. డాక్టరమ్మకి తెలుసు. ఇంట్లో ఉన్న నాకు తెలవదు’’ అంది. ‘‘నాను ఇన్నాల్లూ ఏటనుకున్నానో తెలుసా బావా? ఆడపిల్లని కన్నానని నా మీద కోపమనుకున్నాను. మళ్లీ ఆడపిల్లే పుడతాదేమోనని రెండో కాన్పు ఒద్దనుకున్నాను. నీ పరువు కోసం నన్ను ఏడిపించినావు.’’

బావి అంచున నిలబడిపోయిన రోజు కూడా అతనికి ఇంత సిగ్గు వెయ్యలేదు. అక్కడ పోయింది తన పరువే. ఇక్కడ తను దాచుకున్న దాని బరువంతా ఈ మనిషి మోసింది.

రేఖ కొన్నాళ్లు అతనితో ముక్తసరిగానే మాట్లాడింది. కాని ఆసుపత్రికి వచ్చింది. డాక్టరమ్మ అడిగితే అతనికే తెలియనివి చెప్పింది. నిద్రలో ‘‘అందుకో ధర్మేంద్రా, అందుకో’’ అని కలవరిస్తాడంది. వాన మొదలైతే మాట మధ్యలోనే ఆపేస్తాడంది. ఆమెకి ఇంత తెలుసునని అతనికి తెలియదు. తల వంచుకుని విన్నాడు.

నారాయణమూర్తికి కూడా అతనే వెళ్లి చెప్పాడు. ఆయన కొంతకాలం అతన్ని వాచ్‌రూమ్‌లో ఫోన్ డ్యూటీలో కూర్చోబెట్టాడు. కాల్ రాసుకుని, బెల్లు కొట్టి, మిగతావాళ్లు బండెక్కి వెళ్లిపోతుంటే తను కుర్చీలో ఉండిపోవడం అతనికి నరకంలా ఉండేది. మందులతో నిద్ర పట్టింది. మంటల కాల్స్‌కి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాడు. తర్వాత రోడ్డు ప్రమాదాలకి వెళ్లాడు. కొన్ని వారాలు బాగుండేది, మళ్లీ వెనక్కి జారేవాడు. కూర్మమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేసి, ‘‘ఏటి తమ్ముడా, ఎలగున్నాది నీ కాలవజబ్బు?’’ అని లోకమంతా వినేట్టు అడిగేది. అతను వీధిలోకి వెళ్లి, గొంతు తగ్గించి జవాబు చెప్పేవాడు.

2018 అక్టోబరులో తుఫాను తీరాన్ని ఊడ్చేసింది. కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగాయి. కరెంటు లేదు, రోడ్లు లేవు. స్టేషన్ వాళ్లంతా రంపాలు పట్టుకుని చెట్లు కోస్తూ దారులు తెరుస్తున్నారు. రెండో రోజు ఉదయం, ఒక పల్లెలో గోడ కూలి దాని కింద ఒక కుటుంబం ఉండిపోయిందనీ, పిల్లలు కూడా ఉన్నారనీ కబురొచ్చింది.

‘‘గణపతీ, ధర్మేంద్రా, ఎక్కండి’’ అన్నాడు నారాయణమూర్తి.

గణపతిరావు బండి దాకా వెళ్లాడు. చెయ్యి కమ్మీ మీద వేశాడు. మోకాళ్లు అతనికి ముందే చెప్పేశాయి. వెనక్కి తిరిగి అందరి ముందూ అన్నాడు.

‘‘సార్, ఇది నా వల్ల కాదండి. అక్కడికొచ్చి నిలబడిపోతే మీకే అడ్డం. నన్ను చెట్లకి పంపండి.’’

అతని చెవులు కాలిపోతున్నాయి. నారాయణమూర్తి తల ఊపి ఇంకొకతన్ని ఎక్కించాడు. బండి వెళ్లిపోయింది. గణపతిరావు ఆ రోజంతా రంపం దించకుండా చెట్లు కోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఎంత కోసినా, తను దిగని చోట వేరెవరో దిగి ఉన్నారన్న ఆలోచన తెగలేదు.

సాయంత్రం ధర్మేంద్ర తిరిగొచ్చాడు. కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. స్టేషన్ మెట్ల మీద కూర్చున్నాడు. ఏం చూశాడో చెప్పలేదు. గణపతిరావు గ్లాసులో టీ పోసుకొచ్చి పక్కన పెట్టాడు.

‘‘ఎలగున్నావురా?’’

ఇన్నేళ్ల ఉద్యోగంలో వాళ్లిద్దరూ ఒకరినొకరు ఆ మాట అడగలేదు. ధర్మేంద్ర చిరాగ్గా చూశాడు.

‘‘బాగానే ఉన్నాను. ఏం, నాకేటైనాది?’’

‘‘నేనూ అలాగే అన్నాను’’ అన్నాడు గణపతిరావు.

ధర్మేంద్ర గ్లాసు పక్కకి జరిపాడు. టీ ముట్టుకోలేదు. లేచి వెళ్లిపొమ్మనీ అనలేదు. తను మొయ్యాల్సింది ఇవాళ ఇతను మోశాడన్న సిగ్గు గణపతిరావుని వదల్లేదు. అయినా ఈసారి వీధిలోకి వెళ్లిపోలేదు. టీ చల్లారిపోయాక కూడా, మెట్ల మీద అతని పక్కనే కూర్చున్నాడు.